రోహిణి కార్తెలో ఆఫ్రికా పండుగ

మే 25న మనకు రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగిలే ఆ ఎండల్లో ఉస్మానియా క్యాంపస్ ఎట్లా ఉంటుందో అక్కడ చదివినవాళ్ళకు తెలుసు. పరీక్షలు అయిపోయి, మెస్సులకు తాళాలు పడి, జిల్లాల పిల్లలందరూ పెట్టెలు సర్దుకుని ఊళ్ళకు వెళ్ళిపోతారు. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద పగటిపూట మనిషి కనిపించడు. థీసిస్ తెమలని పీహెచ్‌డీ వాళ్ళు, గ్రూప్స్‌కు చదివేవాళ్ళు, విమానం ఛార్జీలు పెట్టుకుని ఇంటికి పోలేని విదేశీ విద్యార్థులు, వీళ్ళే మిగులుతారు.

ఆ మే 25నే ఆఫ్రికా దినోత్సవం. 1963లో ఆ రోజున అడిస్ అబాబాలో 32 స్వతంత్ర దేశాల నాయకులు కూర్చుని ఆఫ్రికా ఐక్యతా సంస్థను స్థాపించారు. ఆతిథ్యం ఇచ్చింది ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ. ఘనా నుంచి క్వామే ఎన్‌క్రుమా, ఇప్పటి టాంజానియాలో భాగమైన టాంగన్యికా నుంచి జూలియస్ నైరేరే వచ్చారు. 2002లో ఆ సంస్థ ఆఫ్రికన్ యూనియన్ అయింది, పండుగ తారీఖు మాత్రం అదే ఉండిపోయింది. ఎం.ఏ. హిస్టరీలో నేను దీన్ని ఒక ప్రశ్నకు జవాబుగా చదువుకున్నాను. 2005 నుంచి 2011 దాకా, ముందు ఎం.ఏ., తర్వాత పీహెచ్‌డీ, నా బతుకంతా ఆ క్యాంపస్‌లోనే గడిచింది. ఆ తారీఖుకు ఒక వాసన, ఒక చప్పుడు, ఇంత మంది మనుషులు ఉన్నారని తెలిసింది మాత్రం తార్నాకలోని ఒక చిన్న ఫంక్షన్ హాల్లో.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది హాస్టల్లో నా పక్క గదిలో ఉండే ఇథియోపియా అక్క. ఆమె పేరు ఇక్కడ రాయను. తమ దేశంలో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, సెలవు పెట్టి పీహెచ్‌డీకి వచ్చింది. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్ళం. ఆమె కూడా కొన్నాళ్ళకే మెస్‌లో "అక్కా, చారు వెయ్యి" అని అడిగేదాకా వచ్చింది. చిన్నపిల్లల ఏడుపు ఎక్కడ వినిపించినా ఆమె చదువుతున్న పుస్తకం మూసేసేది. అది నేను గమనించేదాన్ని, అడిగేదాన్ని కాదు.

పండుగకు ముందు రోజు రాత్రే హబ్సీగూడలో నైజీరియా విద్యార్థులు అద్దెకుంటున్న ఇంట్లో వంట మొదలైంది. టెంట్ హౌస్ నుంచి డేక్షాలు, గంటెలు, పెద్ద పొయ్యిలు దిగాయి. జొల్లాఫ్ అన్నానికి ఉప్పుడు బియ్యమే కావాలని వాళ్ళు సికింద్రాబాద్ మోండా మార్కెట్ దాకా పోయి మోసుకొచ్చారు. టమాటా, ఎర్ర క్యాప్సికం, ఉల్లిగడ్డ, మిరపకాయ కలిపి రుబ్బి, నూనె పైకి తేలేదాకా వేయించి, అందులోనే బియ్యం పోసి మూత పెడతారు. అడుగు కొంచెం మాడాలి, ఆ మాడు రుచి పైదాకా ఎక్కాలి. ఘనా వాళ్ళు పక్కనే నిలబడి "మా జొల్లాఫ్ తిన్నాక ఇది తినలేరు" అని ఊరిస్తుంటే నైజీరియా వాళ్ళు గంటె ఎత్తి బెదిరించేవాళ్ళు. ఆ రెండు దేశాల మధ్య ఈ పంచాయితీ ఎప్పటికీ తెగదు. కెన్యా, టాంజానియా పిల్లలకు ఉగాలి ముద్ద లేకపోతే భోజనం చేసినట్టే కాదు. వాళ్ళకు కావలసిన తెల్ల మక్కపిండి దొరక్క బొంబాయి రవ్వతో సర్దుకున్నారు. సామాను దింపడానికి వచ్చిన టెంట్ హౌస్ ఆయన వాసనకు ఆగిపోయి, ప్లేటు పెట్టించుకుని, "మసాలా లేదు గానీ మంచిగున్నది" అని తీర్పు చెప్పి పోయాడు.

సూడాన్ అన్న ఒక మూలన కూర్చుని పెద్ద గిన్నెలో ఎర్రటి ఎండు రేకులు నానబెడుతున్నాడు. కర్కదే అన్నాడు. చక్కెర, ఐసు వేసుకుని తాగుతారట. ఒక రేకు తీసి నమిలాను. ఆ పులుపు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు! మా వనపర్తి చేలల్లో ఎర్ర పుంటికూర మొక్కకు కాసే కాయ చుట్టూ ఉండే తొడుగే అది. మేం ఆకు తెంపుకుని కాయను విత్తనానికి వదిలేస్తాం. వాళ్ళు ఆ తొడుగునే ఎండబెట్టుకుని ఏడాదంతా తాగుతారు. మాట మీద మాట వచ్చి జొన్న దగ్గరికి చేరాం. జొన్న పుట్టింది సూడాన్ తూర్పు ప్రాంతంలో. సజ్జ సహారా ఎడారి దక్షిణపు అంచున, రాగులు ఇథియోపియా, ఉగాండా ఎత్తు నేలల్లో మొదలయ్యాయి. అలసందలూ ఆ ఖండానివే. పాలమూరు కరువు నేల మీద మా తాతముత్తాతల్ని బతికించిన గింజలన్నీ వేల ఏళ్ళ కిందట అక్కడి నుంచి ఇక్కడికి చేరినవి. 1972లో పటాన్‌చెరులో మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ పెట్టాక ఆఫ్రికా శాస్త్రవేత్తలు ఆ గింజల పని మీదే మళ్ళీ హైదరాబాద్ రావడం మొదలైంది. సూడాన్ అన్న పులిసిన జొన్న పిండిని కాగితంలా పలుచగా కాల్చే కిస్రా గురించి చెబుతూ ఉన్నాడు, నేను మా అవ్వ అరచేతులతో తట్టే రొట్టె గురించి చెబుతూ ఉన్నాను. అట్లా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు.

నాలుగింటికన్న సభ ఏడింటికి మొదలైంది. ఉపన్యాసాలు అయ్యాయి. వాటి సంగతి నాకు గుర్తు లేదు. బట్టలు మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. నైజీరియా అమ్మాయిలు బిరుసు గుడ్డను మడతలు మడతలుగా తలకు చుట్టి గెలె కట్టుకున్నారు. అద్దం కూడా చూసుకోకుండా ఒకరి తలకు ఒకరు కట్టారు. ఇథియోపియా వాళ్ళవి అంచుల్లో రంగుల నేత ఉన్న తెల్ల బట్టలు. ఘనా వాళ్ళ భుజాల మీద కెంటే గుడ్డ. సూడాన్ ఆడవాళ్ళ తోబ్ నాలుగైదు మీటర్ల గుడ్డ, ఒంటి చుట్టూ తిప్పి తల మీదికి తెచ్చుకుంటారు. నేను నీలం పోచంపల్లి చీర కట్టుకుని వెళ్ళాను. సూడాన్ అన్న భార్య నా దగ్గరికి వచ్చి, మాట లేకుండానే కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఎట్లా మడిచానో చూసి, తన తోబ్ కొంగు నా చేతికిచ్చి చూడమంది.

ఇథియోపియా వాళ్ళ ఎస్కిస్తా నాట్యంలో ఆడేదంతా భుజాలే. లైబ్రరీలో రాళ్ళ నమూనాల పుస్తకాల మధ్య వంగి కూర్చునే మా అక్క, ఆ రోజు నడుం నిటారుగా పెట్టి, గడ్డం ఎత్తి, భుజాలు ఒక్క ఉదుటున ఆడిస్తుంటే హాలంతా లేచి నిలబడింది.

తర్వాత ఒక్కో దేశం వాళ్ళు వచ్చి తమ జాతీయగీతం పాడాలి. కెన్యా వాళ్ళు గుంపుగా వచ్చారు, నైజీరియా వాళ్ళకు వేదిక చాలలేదు. రువాండా నుంచి వచ్చినవాడు ఒక్కడే. సన్నగా, పొడుగ్గా ఉండే కుర్రవాడు. మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. అప్పుడు వెనక వరుసలోంచి కాంగో అబ్బాయి ఒకడు లేచి వెళ్ళి అతని పక్కన నిలబడ్డాడు. ఆ వెంటనే బురుండి నుంచి ఇద్దరు, ఉగాండా నుంచి ఒక అమ్మాయి. వాళ్ళకు ఆ పాట రాదు. ఊరికే నిలబడ్డారు, అంతే. 1994లో రువాండాలో జరిగిన ఊచకోత ఎట్లాంటిదో, ఆ తర్వాత కాంగో నేల మీద ఎన్ని సైన్యాలు దిగాయో, ఎన్ని లక్షల మంది పోయారో నేను చదివినదాన్ని. ఆ నలుగురూ అతనితో ఒకే వరుసలో నిలబడడం చూసి నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఏ పుస్తకంలోనూ నాకు దొరకని చరిత్ర అది.

ఆ తర్వాత ఏ కూడిక జరిగినా అక్క నన్ను పిలిచేది. అన్నిట్లోకీ గొప్పది 2007 సెప్టెంబర్‌లో జరిగింది. ఇథియోపియా క్యాలెండర్ మన ఇంగ్లీషు క్యాలెండర్ కంటే ఏడెనిమిదేళ్ళు వెనక నడుస్తుంది. ఏడాదికి 13 నెలలు. 12 నెలలకు ముప్పయ్యేసి రోజులు, చివరిదానికి ఐదో ఆరో. మనందరం 2000 సంవత్సరాన్ని ఎప్పుడో చేసేసుకుని మరిచిపోయాం. వాళ్ళకు అది 2007 సెప్టెంబర్ 12న వచ్చింది. కొత్త సహస్రాబ్ది! అడిస్ అబాబా అంతా సంబరాలు చేసుకుంటుంటే తార్నాకలో ఒక రెండు గదుల ఇంట్లో వీళ్ళు చేసుకున్నారు.

వాళ్ళ కొత్త సంవత్సరానికి అక్కడ వానాకాలం అయిపోతుంది, కొండలన్నీ పసుపు పూలతో నిండిపోతాయి. ఆడపిల్లలు ఆ పూల గుత్తులు పట్టుకుని, చప్పట్లు కొడుతూ, పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారట. అక్క ఆ పూల గురించి చెబుతూ చెబుతూ ఆగిపోయింది. పిల్లలు గుర్తొచ్చారని తెలుస్తూనే ఉంది. క్యాంపస్ వెనక బండల మధ్య అప్పుడప్పుడే తంగేడు పూస్తోంది. పొద్దున్నే పోయి ఒడి నిండా కోసుకొచ్చి ఆమెకిచ్చాను. ఇది ఆ పువ్వు కాదని ఇద్దరికీ తెలుసు. వాటిని గుమ్మానికి కట్టింది, తలలో పెట్టుకుంది, మిగిలినవి నేల మీద పరిచిన పచ్చగడ్డిలో చల్లింది.

ఆ గడ్డి మీదే కాఫీ. పచ్చి గింజలను పెనం మీద వేయించి, పొగ లేస్తుండగా ఆ పెనాన్ని అందరి ముందుకూ తిప్పుతారు, ఆ వాసన చేత్తో లాక్కుని పీల్చాలి. పక్కన సాంబ్రాణి లాంటి ధూపం వేస్తారు. గింజలు దంచి, పొడుగు మెడ మట్టికూజాలో కాచి, చెవి లేని చిన్న కప్పుల్లో పోస్తారు. ఆ కూజా పేరు జెబెనా. అదే పొడిలో మళ్ళీ నీళ్ళు పోసి మూడు విడతలు కాస్తారు. మూడోదాని పేరు బరక. అది తాగకుండా లేస్తే ఆశీర్వాదం పోగొట్టుకున్నట్టు. పక్కన మక్కపేలాలు. అన్నం దగ్గర ఇంజెరా అనే పులిసిన అట్టు తుంచి, కూర అద్ది, ముద్ద చేసి పక్కవాళ్ళ నోట్లో పెడతారు. ఎంత పెద్ద ముద్ద అయితే అంత ప్రేమ. అక్క నాకు పెట్టిన ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది, చుట్టూ అందరూ నవ్వారు.

నెల తిరిగేసరికి హాస్టల్లో బతుకమ్మ. అక్క పొద్దుటి నుంచీ మాతో కూర్చుని తంగేడు, గునుగు వరుసలు పేర్చింది. పాట రాకపోయినా చప్పట్లు తప్పలేదు. వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లలూ ఇట్లాగే కదా పాడతారు! ఆ ఏడు మా వరుసలో అందరికంటే ఆలస్యంగా అలసిపోయింది ఆమే.

ఇక ఏసీ గార్డ్స్ సంగతి చెప్పాలి. ఇది నా చిన్నప్పటి నుంచీ విన్న మాటలతో ముడిపడింది. మాది వనపర్తి. రాజావారి కోటలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ ఉంది. దాని ముందు నుంచి నడుస్తున్నప్పుడల్లా తాత చెప్పేవాడు. "రాజావారి దగ్గర హబ్షీ సిపాయిలుండె బిడ్డా. ఏనుగుల్లెక్క ఉండేటోళ్ళంట. నిజాం సర్కారు మనసు పడితే ఆళ్ళను పట్నం పంపిండంట." తాత కూడా చూసినవాడు కాదు, విన్నవాడే. హబ్షీ అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు. ఆ సిపాయిలు నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో, అంటే ఆయన అంగరక్షక అశ్వదళంలో కలిశారు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగి సంస్థానం పోయింది, దళమూ పోయింది. కుటుంబాలు మాత్రం మాసాబ్ ట్యాంక్ పక్కన ఆ లైన్లలోనే ఉండిపోయాయి. ఆ బస్తీనే ఏసీ గార్డ్స్.

అక్కడ నా క్లాస్‌మేట్ వాళ్ళ అన్న పెళ్ళి. మర్ఫా వాద్యం పెట్టారని తెలిసి టాంజానియా కుర్రవాణ్ణి వెంట తీసుకెళ్ళాను. అతనిది సముద్రం ఒడ్డున టాంగా. వారం ముందు నుంచే ఒకటే ఆరాటం. "వాళ్ళు మావాళ్ళు, చూడు, నాతో స్వాహిలీలో ఒక్క మాటైనా అంటారు" అనేవాడు. బరాత్ సందులోకి తిరిగింది. డప్పులు, డోళ్ళు, లోహపు బిందె మీద పుల్లలు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులూ, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలూ నిజాం ఫౌజులో కలిసి బతికిన కాలపు వాద్యం అది. ఇవాళ నిమజ్జనానికైనా బోనాలకైనా తీన్మార్ లేనిదే హైదరాబాద్ కాలు కదపదు. ఆ దెబ్బ మర్ఫాలోంచే వచ్చిందని పాతబస్తీలో ఏ బ్యాండు వాళ్ళనడిగినా చెబుతారు. మావాడు ఆగలేకపోయాడు, గుంపులోకి దూకి ఆడాడు. వాళ్ళు చోటిచ్చి, చేతికి కట్టె ఇచ్చి ఆడించారు.

ఆట ఆగాక డోలు వాయించిన పెద్దాయన దగ్గరికి పోయి స్వాహిలీలో పలకరించాడు. పెద్దాయనకు అర్థం కాలేదు. ఇంగ్లీషులో అడిగాడు, "మీది ఏ దేశం?" నేను ఉర్దూలో చెప్పాను. ఆయన నవ్వి, "హమ్ హైదరాబాదీ హై బేటా, హౌర్ కాంకే?" అన్నాడు. తాత నిజాం దగ్గర గుర్రం మీద కూర్చున్నాడు, తండ్రి చిన్న నౌకరీ చేశాడు, తాను ఆటో నడిపాడు. ఆఫ్రికా ఎటువైపుందో చూడలేదు, చూడాలని అనుకోలేదు కూడా. మావాడి ముఖం కొంచెం వాడింది. పెద్దాయన అది గమనించాడు. చెయ్యి పట్టుకుని దస్తర్‌ఖాన్ దగ్గరికి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుని, బిర్యానీలో మంచి ముక్కలు ఏరి అతని పళ్ళెంలో వేశాడు. ఇద్దరూ ఫుట్‌బాల్ గురించి మొదలుపెట్టారు. ఒకరి భాష ఒకరికి రాదు, ఆటగాళ్ళ పేర్లు చాలు. తిరుగు ప్రయాణంలో బస్సులో టాంగా కుర్రవాడు చాలాసేపు కిటికీలోంచి చూసి, "వాళ్ళకు ఈ ఊరు దొరికింది, మంచిదే" అన్నాడు. వాళ్ళ మూలం ఆఫ్రికా కావచ్చు, వాళ్ళ ఊరు మాత్రం ఇదే. రెండూ నిజమేనని నేను ఆ రోజే గట్టిగా నమ్మాను.

ఫుట్‌బాల్ అంటే 2010 గుర్తొస్తుంది. ప్రపంచ కప్ మొదటిసారి ఆఫ్రికా గడ్డ మీద, దక్షిణాఫ్రికాలో. జూలై మొదటికి ఆఫ్రికా జట్లన్నీ ఇంటిదారి పట్టి ఘనా ఒక్కటే మిగిలింది. ఉరుగ్వేతో క్వార్టర్ ఫైనల్ మనకు అర్ధరాత్రి 12 గంటలకు మొదలైంది. హబ్సీగూడ ఇంట్లో మేడ మీద గదిలో ఒక టీవీ ముందు ఎన్ని దేశాలో! నైజీరియా వాళ్ళు ఘనా జెండా ముఖాలకు పూసుకున్నారు, జొల్లాఫ్ పంచాయితీ ఆ రాత్రికి సెలవు. ముంటారీ గోలు కొట్టినప్పుడు లేచిన కేకకు కింద ఇంటి ఓనరు పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. తిడుతుందనుకున్నాం. తలుపు దగ్గర నిలబడి, "గెలుస్తున్నరా?" అని అడిగి, కుర్చీ వేయించుకుని కూర్చుంది. అదనపు సమయం ఆఖరి నిమిషంలో గోల్‌లోకి పోతున్న బంతిని సువారెజ్ చేత్తో ఆపాడు. పెనాల్టీ. అసామోవా గ్యాన్ కొట్టిన బంతి పైబద్దకు తగిలి ఎగిరిపోయింది. పెద్దమ్మ "అయ్యో, అయ్యో బిడ్డా" అని గుండె బాదుకుంది. షూటౌట్‌లో 4-2తో అంతా అయిపోయింది. ఏ ఆఫ్రికా జట్టూ అప్పటిదాకా సెమీఫైనల్ చేరలేదు, ఒక్క తన్ను దూరంలో ఆగిపోయింది. గదిలో పెద్ద పెద్ద మగపిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ వేళప్పుడు పెద్దమ్మ కిందికి పోయి అందరికీ చాయ్ పెట్టి తెచ్చింది.

అందరు ఓనర్లూ ఆమెలా ఉండరు. టు-లెట్ బోర్డు చూసి మెట్లెక్కితే, ముఖం చూడగానే ఇల్లు ఇచ్చేశామని చెప్పిన వాళ్ళున్నారు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిలబడినవాళ్ళున్నారు. అక్క వెనక సందులో పిల్లలు అరిచిన మాటలకు నేను వెనక్కి తిరిగి కొట్లాడాను. ఆమె నా చెయ్యి పట్టి లాక్కుపోయింది. 2016 మేలో ఢిల్లీలో కాంగో యువకుణ్ణి ఒకణ్ణి కొట్టి చంపారు. ఆఫ్రికా దేశాల రాయబారులు ఆ ఏడు ఢిల్లీలో ఆఫ్రికా దినోత్సవం వాయిదా వేయమన్నారు. ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో బండి పార్కింగ్ దగ్గర మొదలైన గొడవలో నైజీరియా విద్యార్థి తల పగిలింది. మనం ఏ రోజున వాళ్ళ ముద్ద తిని, వాళ్ళ పాటకు చప్పట్లు కొట్టామో ఆ రోజులవి. నాకు సిగ్గుతో నిద్ర పట్టలేదు. అక్కకు ఫోన్ చేశాను. అప్పటికి ఆమె తమ యూనివర్సిటీకి తిరిగి వెళ్ళిపోయింది. నేను ఏదో చెప్పబోతుంటే ఆపి, "నీకు అక్కడ ఏం కాలేదు కదా?" అని నన్నే అడిగింది.

ఇప్పుడు నేను మా జిల్లాలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సూడాన్ అన్న నుంచి వాళ్ళ దేశంలో యుద్ధం మొదలయ్యాక కొన్నాళ్ళు కబురు లేదు, తర్వాత కైరో నుంచి ఫోన్ చేశాడు. టాంగా కుర్రవాడికి పెళ్ళయింది. హబ్సీగూడ పెద్దమ్మ పోయింది, ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టారు.

అక్క పెద్ద కొడుకుకు ఉస్మానియాలో పీజీ సీటు వచ్చింది. తల్లి గదిలో గోడకు అంటించిన ఫోటోలో నాలుగేళ్ళ పిల్లవాడిగా నేను చూసినవాడు. ఇల్లు చూడమని అక్క నాకు చెప్పింది. ఫోన్లు చేస్తున్నాను. ఏ దేశం అని అడిగి, విని, మళ్ళీ చేస్తామన్న వాళ్ళు మళ్ళీ చేయలేదు. తార్నాక, హబ్సీగూడ, సీతాఫల్‌మండి, విద్యానగర్ వైపు మీకు తెలిసిన ఇల్లేదైనా ఉంటే చెప్పండి. ఒక గది, వంటిల్లు చాలు. పిల్లవాడు వంట బాగా చేస్తాడట, కాఫీ గింజలు ఇంట్లోనే వేయిస్తాడు. ఆ పొగకు అభ్యంతరం లేనివాళ్ళయితే మంచిది. అడ్వాన్సు నేను కడతాను.